తోరణగల్లులో పునాదిరాయి వేసిన ప్రధాని: శ్రీమతి ఇందిరా గాంధీ జీవితం

బళ్ళారికీ హోస్పేటకూ నడుమ రైలుమార్గంపై ఉన్న తోరణగల్లు నేడు దేశంలోని పెద్ద ఉక్కు కేంద్రాలలో ఒకటిగా పేరు పొందింది. కానీ ఐదు దశాబ్దాల క్రితం అది సండూరు కొండల నుండి ఇనుప ఖనిజం దిగివచ్చే ఒక చిన్న స్టేషను. జొన్న, వేరుశనగ పండే మెట్టపొలాల నడుమ 1971లో అక్కడ ఒక పునాదిరాయి పడింది. ఆ రాయి వేసినవారు నాటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరా గాంధీ. ఆ రాయిని నమ్మి మా అబ్బాయికి ఉద్యోగం వస్తుందని ఎదురుచూసిన తండ్రులు ఈ చుట్టుపక్కల గ్రామాలలో ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది ఆ ఉద్యోగం చూడకుండానే కన్నుమూశారు. ఆమె జీవితం గురించి పుస్తకాలకు కొదవ లేదు. అయితే మన సరిహద్దు ప్రాంతం వైపు నుండి చూసినప్పుడు ఆ జీవితం కొంత వేరుగా కనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసం.

ఇందిర 1917 నవంబరు 19న అలహాబాదులో జన్మించారు. తండ్రి జవహర్‌లాల్ నెహ్రూ, తల్లి కమల. తాత మోతీలాల్ పేరుమోసిన న్యాయవాది. ఇంట్లో ఐశ్వర్యానికి లోటు లేకపోయినా బాల్యం ఒంటరిగానే గడిచింది. తండ్రి తరచుగా జైలులో ఉండేవారు, తల్లి క్షయవ్యాధితో బాధపడేవారు. చదువు ఒకచోట సాగలేదు. 1934లో శాంతినికేతనంలో చేరారు, తల్లి అనారోగ్యం వల్ల అదీ మధ్యలోనే ఆగింది. 1936 ఫిబ్రవరిలో స్విట్జర్లాండులోని లోసాన్‌లో కమల మరణించే నాటికి కుమార్తెకు పద్దెనిమిదేళ్ళు. తరువాత ఆక్స్‌ఫర్డులో చేరినా పట్టా పుచ్చుకోలేదు. 1942 మార్చిలో ఫిరోజ్ గాంధీతో వివాహం జరిగింది. అదే సంవత్సరం క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయి నైనీ జైలులో ఎనిమిది నెలలకు పైగా గడిపారు. రాజీవ్, సంజయ్ ఇద్దరు కుమారులు.

1959లో ఆమె కాంగ్రెసు అధ్యక్షురాలయ్యారు. మరుసటి ఏడాది ఆ పదవిని అందుకున్నది అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన శ్రీ నీలం సంజీవరెడ్డి. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆ ఇద్దరి దారులు ఆ తరువాత ఇరవై ఏళ్ళకు పైగా మళ్ళీ మళ్ళీ ఎదురుపడుతూనే వచ్చాయి.

1960లో భర్త, 1964 మేలో తండ్రి మరణించారు. లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో ఆమెకు సమాచార ప్రసార శాఖ లభించింది. అదే మంత్రివర్గంలో సంజీవరెడ్డిగారికి ఉక్కు, గనుల శాఖ దక్కింది. 1966 జనవరిలో శాస్త్రిగారు తాష్కెంటులో హఠాత్తుగా మరణించగా, కాంగ్రెసు పార్లమెంటరీ పక్షం ఎన్నికలో మొరార్జీ దేశాయిపై 355కు 169 ఓట్లతో నెగ్గి జనవరి 24న ఇందిర ప్రధానమంత్రి అయ్యారు. ఆమెను ఎన్నుకున్న పెద్దలలో పలువురు ఈమె తమ మాట వింటుందనే తలచారు. తమ అంచనా ఎంత తప్పో తెలుసుకోవడానికి వారికి మూడేళ్ళు పట్టింది.

పదవి చేపట్టిన నాటికి ఖజానా వట్టిపోయి ఉంది. రెండు యుద్ధాలు, వరుస కరవులు, అమెరికా నుండి ఓడలలో వచ్చే గోధుమలపై ఆధారపడిన తిండి. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. అంతవరకు డాలరుకు 4 రూపాయల 76 పైసలు ఉన్నది ఏడున్నర రూపాయలైంది. ధరలు పెరిగాయి. ఇలాంటి సమయంలోనే ఐదవ ఉక్కు కర్మాగారం ఎక్కడ అన్న వివాదం దక్షిణాదిని కుదిపింది.

ఈ వివాదం మన జిల్లాకు అతి సమీపమైనది. నిపుణుల బృందం ఒకటి విశాఖపట్నం అనుకూలమని 1965లో చెప్పింది. మైసూరు ప్రభుత్వం హోస్పేట కావాలన్నది. మద్రాసు సేలం కావాలన్నది. నాటి మైసూరు ముఖ్యమంత్రి శ్రీ ఎస్. నిజలింగప్ప మన పాత బళ్ళారి జిల్లాలోని హలవాగలు గ్రామంలో పుట్టినవారే. ఖనిజం మా కొండల్లో ఉంటే కర్మాగారం సముద్రపొడ్డున ఎందుకన్నది ఇటువైపు వాదన. ఓడరేవు పక్కన ఉంటే బొగ్గు తెచ్చుకోవడానికీ సరుకు పంపడానికీ ఖర్చు తక్కువన్నది అటువైపు వాదన. రెండింటిలోనూ పస ఉంది. ఇటు బళ్ళారి తెలుగువారి పరిస్థితి మాత్రం విచిత్రం. భాషను బట్టి మనసు విశాఖ వైపు లాగితే, కడుపును బట్టి హోస్పేట వైపు లాగింది!

డబ్బు లేదు గనుక ఎక్కడా ఇప్పట్లో కర్మాగారం పెట్టలేమన్న ధోరణి ఢిల్లీలో కనిపించగానే ఆంధ్రలో నిప్పు రాజుకుంది. 1966 అక్టోబరు 15న టి. అమృతరావు విశాఖపట్నంలో నిరాహారదీక్ష మొదలుపెట్టారు. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నవంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం నాడే, విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రం మొత్తం మీద 32 మంది ప్రాణాలు కోల్పోయారు. ప్రతిపక్షాల శాసనసభ్యులు 67 మంది రాజీనామా చేశారు. ఉద్యమానికి అండగా నిలిచిన శ్రీ తెన్నేటి విశ్వనాథం 1967 ఎన్నికలలో విశాఖపట్నం నుండి లోక్‌సభకు గెలిచారు. ఒక కర్మాగారం, అందులోని ఉద్యోగాలు ఎన్నికల ఫలితాన్ని మార్చగలవని ఆంధ్రదేశం అప్పుడు ఢిల్లీకి తెలియజేసింది.

1967 ఎన్నికలు ఆమెకు చేదు అనుభవం. ప్రచారంలో భువనేశ్వర్ సభలో ఎవరో విసిరిన రాయి తగిలి ముక్కు ఎముక విరిగింది. కాంగ్రెసు బలం 283 స్థానాలకు పడిపోయింది, పలు రాష్ట్రాలు చేజారాయి. బళ్ళారి మాత్రం కాంగ్రెసునే గెలిపించింది. ఇక్కడి నుండి లోక్‌సభకు వెళ్ళినవారు దేశంలోనే ప్రముఖ ఆర్థికశాస్త్రవేత్త డాక్టర్ వి.కె.ఆర్.వి. రావు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌ను స్థాపించిన ఆ పండితుడు ఆమె మంత్రివర్గంలోనూ పనిచేశారు. జాతీయాదాయం లెక్క కట్టిన మనిషి కూలి దొరకని పల్లెలకు ప్రతినిధి కావడం నాటి రాజకీయాల విశేషం.

1969లో కాంగ్రెసు చీలిక వచ్చింది. దానిని ఢిల్లీ వ్యవహారంగానే చరిత్ర పుస్తకాలు చెబుతాయి. నిజానికి ఆ కథలో ముఖ్యపాత్రలు మన రెండు జిల్లాలవే. కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్పగారు. పార్టీ పెద్దలు రాష్ట్రపతి పదవికి నిలబెట్టినవారు సంజీవరెడ్డిగారు. ఇందిర మొరార్జీ నుండి ఆర్థికశాఖను తప్పించి, జూలై 19న పద్నాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేశారు. రాష్ట్రపతి ఎన్నికలో అంతరాత్మ ప్రబోధానుసారం ఓటు వేయవచ్చునని సూచించి, స్వతంత్ర అభ్యర్థిగా నిలిచిన శ్రీ వి.వి. గిరికి మద్దతు పలికారు. బరంపురంలో పుట్టిన తెలుగువాడు అనంతపురం తెలుగువాడిని ఓడించారు. నవంబరులో నిజలింగప్పగారు ప్రధానమంత్రిని పార్టీ నుండి బహిష్కరించారు. పార్లమెంటు సభ్యులలో ఎక్కువమంది ఆమె వెంటనే ఉండిపోయారు.

బ్యాంకుల జాతీయీకరణలో రాజకీయం లేదని ఎవరూ అనలేరు. అయినా పల్లెకు దాని వల్ల జరిగిన మేలును కాదనడమూ న్యాయం కాదు. అంతవరకు షావుకారు తప్ప మరో దిక్కు లేని రైతు బ్యాంకు గుమ్మం తొక్కింది ఆ తరువాతనే. బళ్ళారి కేంద్రంగా తుంగభద్ర గ్రామీణ బ్యాంకు ఏర్పడినదీ ఆ క్రమంలోనే. 1980లో ఆమె మళ్ళీ ఆరు బ్యాంకులను జాతీయం చేసినప్పుడు వాటిలో మన ఆంధ్రా బ్యాంకు కూడా ఉంది. ఆ బ్యాంకుల గుమాస్తా ఉద్యోగ పరీక్షలు రాసి గట్టెక్కిన కుటుంబాలు సరిహద్దుకు రెండువైపులా ఉన్నాయి.

1970 ఏప్రిల్ 17న ఆమె పార్లమెంటులో ఒక ప్రకటన చేశారు. దక్షిణాదిలో ఒకటి కాదు, మూడు ఉక్కు కర్మాగారాలు వస్తాయి. విశాఖపట్నం, హోస్పేట, సేలం. ముగ్గురు పిల్లలు ఒక్క బొమ్మ కోసం తగవులాడుతుంటే ముగ్గురికీ తలా ఒకటి కొనిపెడతానని తల్లి మాట ఇచ్చినట్లయింది. కొనడానికి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న నాడు ఎవరికీ రుచించలేదు.

ఇక్కడ తేదీలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. సేలంలో శంకుస్థాపన 1970 సెప్టెంబరులో జరిగింది. డిసెంబరు 27న ఆమె లోక్‌సభను గడువుకు ఏడాది ముందే రద్దు చేయించారు. విశాఖలో శంకుస్థాపన 1971 జనవరి 20న, సరిగ్గా ఎన్నికల వేడిలో జరిగింది. తోరణగల్లులో పునాదిరాయి అదే సంవత్సరం అక్టోబరులో పడింది. అప్పటికి మైసూరు రాష్ట్రం రాష్ట్రపతి పాలనలో ఉంది, ఐదు నెలలలో శాసనసభ ఎన్నికలు రానున్నాయి. రాయికీ ఓటుకూ సంబంధం లేదని నమ్మడానికి చాలా అమాయకత్వం కావాలి. అయితే రాజకీయ నాయకులు ఎన్నికల ముందు చేసిన పనులన్నీ బూటకాలే అనడమూ తొందరపాటే. మూడింటిలో విశాఖ కర్మాగారం చివరకు వెలసింది, సేలమూ వెలసింది. మనదే వేరే కథ.

1971 మార్చి ఎన్నికలలో వాదమంతా ఆర్థికం చుట్టూనే తిరిగింది. పేదరికాన్ని తొలగిద్దామని ఆమె నినాదం. ఇందిరను తొలగిద్దామని ప్రతిపక్షాల కూటమి నినాదం. రెండింటిలో పేదవాడికి ఏది చెవికెక్కుతుందో చెప్పనక్కరలేదు. సంస్థాన్ల రాజభరణాలు రద్దు చేయాలన్నది ఆమె పట్టు, ఆస్తిహక్కుకు ముప్పు అన్నది స్వతంత్ర పార్టీ, జనసంఘం వాదన. పరిశ్రమలను ప్రభుత్వమే పెట్టాలా, ప్రైవేటువారికి వదలాలా అన్న నేటి తగవు నాడూ ఉన్నదే. ఆమె పార్టీకి 352 స్థానాలు వచ్చాయి. నిజలింగప్పగారి సొంత రాష్ట్రం మైసూరులో 27కు 27 స్థానాలూ ఆమెకే దక్కాయి. సంజీవరెడ్డిగారు సొంత అనంతపురంలోనే ఓడి, కొంతకాలం వ్యవసాయం చూసుకుంటూ గడిపారు. ఆ ప్రభంజనంలోనూ ఆమెకు లొంగనిది తెలంగాణ. అక్కడి ఉద్యోగాలు అక్కడివారికే అన్న ముల్కీ వివాదంపై పుట్టిన తెలంగాణ ప్రజాసమితి పది స్థానాలు గెలుచుకుంది. కొలువు మాట వచ్చినప్పుడు ఎంత పెద్ద గాలినైనా జనం ఎదిరించగలరని ఆ ఫలితం చెబుతుంది.

సండూరు సంగతి ఒకటి చెప్పుకోవాలి. రాజభరణాలను రద్దు చేసిన పార్టీలోనే సండూరు రాజకుటుంబానికి చెందిన శ్రీ ఎం.వై. ఘోర్పడే కొనసాగి, 1972లో దేవరాజ అరసు మంత్రివర్గంలో ఆర్థికమంత్రి అయ్యారు. కాలంతో పాటు నడవడం కొందరికి తెలుస్తుంది.

ఇంతకూ తోరణగల్లు కర్మాగారం ఏమైంది? 1971 డిసెంబరులో పాకిస్తానుతో యుద్ధం జరిగింది. అంతకు ముందు కోటిమంది దాకా శరణార్థులు తూర్పు బెంగాలు నుండి వచ్చారు. యుద్ధంలో విజయం, బంగ్లాదేశ్ అవతరణ ఆమెను కీర్తి శిఖరానికి చేర్చాయి. ఖజానాను మాత్రం ఖాళీ చేశాయి. 1972లో కరవు వచ్చింది. రాయలసీమలోనూ మన వైపూ గంజి కేంద్రాలు, కరవు పనులు. 1973 చివర చమురు ధర నాలుగింతలైంది. 1974లో ధరల పెరుగుదల 20 శాతం దాటింది. ఆ మేలో లక్షల మంది రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. గుంతకల్లు వంటి రైల్వే ఊళ్ళలో ఆ సమ్మె ఇంటింటి కథ. ప్రభుత్వం దానిని కఠినంగా అణచివేసింది. కొత్త ఉక్కు కర్మాగారాలకు డబ్బు అడిగే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికీ లేకపోయింది. తోరణగల్లు వద్ద కర్మాగారం కోసం సేకరించిన భూములు అలాగే ఉండిపోయాయి. పొలం పోయింది, పని రాలేదు. ఈ ఒక్క విషయంలో ఆమెను సమర్థించడం కష్టం. యుద్ధం, కరవు, చమురు ఆమె చేతిలోనివి కావు. కానీ డబ్బు కుదరక ముందే మూడుచోట్ల రాయి వేయడం ఆమె చేతిలోనిదే.

అదే కాలంలో ఉద్యోగాల తగవు ఆంధ్రప్రదేశ్‌ను మళ్ళీ రెండుగా చీల్చబోయింది. 1972 చివర జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. 1973 సెప్టెంబరులో ఇందిర ఆరు సూత్రాల పథకంతో దానిని చల్లార్చారు. రాష్ట్రాన్ని ప్రాంతాలుగా విభజించి స్థానికులకు ఉద్యోగాలలో, చదువులలో వాటా నిర్ణయించే పద్ధతి అలా వచ్చింది. సరిహద్దుకు ఇటువైపు చదివిన తెలుగు పిల్లలు అక్కడ స్థానికేతరులైపోయారన్నది మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. కర్ణాటక వైపు బళ్ళారి జిల్లాకు అలాంటి రక్షణ కావాలంటే 2013 దాకా ఆగవలసి వచ్చింది.

1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు రాయబరేలీలో ఆమె ఎన్నిక చెల్లదన్నది. జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. లక్షమందికి పైగా విచారణ లేకుండా జైళ్ళపాలయ్యారు. పత్రికలకు సెన్సారు. జూలై 1న ఇరవై సూత్రాల కార్యక్రమం ప్రకటించి, వెట్టిచాకిరీ రద్దు, పేదలకు ఇళ్ళస్థలాలు, గ్రామీణ రుణాల మాఫీ వంటివి చేపట్టారు. రైళ్ళు సమయానికి నడిచాయని మెచ్చుకునేవారు నేటికీ ఉన్నారు. బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు తలచుకుని శపించేవారూ ఉన్నారు. ఆమె ఆర్థిక విధానాలను ఎడమవైపు నుండి తీవ్రంగా విమర్శించిన అనంతపురం కమ్యూనిస్టు నాయకుడు శ్రీ తరిమెల నాగిరెడ్డి 1976 జూలైలో అజ్ఞాతవాసంలోనే మరణించారు. కోర్టులో ఆయన చేసిన ప్రకటనే తాకట్టులో భారతదేశం అనే గ్రంథమైంది. పేదల పేరిట పరిపాలన సాగుతూ, పేదల పక్షాన మాట్లాడినవారికి నోరు లేకుండా చేయడం ఆ ఇరవైఒక్క నెలల అసలు దోషం.

1977 మార్చిలో ఆమే ఎన్నికలు పెట్టించి ఓడిపోయారు. రాయబరేలీలో రాజ్‌నారాయణ్ 55 వేల పైచిలుకు ఓట్లతో నెగ్గారు. ఉత్తరాది అంతా తుడిచిపెట్టుకుపోయినా మన రెండు రాష్ట్రాలు ఆమెను విడవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 42లో 41, కర్ణాటకలో 28లో 26 కాంగ్రెసుకే. ఆంధ్రలో పోయిన ఆ ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా తరఫున నెగ్గినవారు సంజీవరెడ్డిగారు! కొద్ది నెలలకే ఆయన ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. దక్షిణాది ఎందుకు విడవలేదన్నదానికి జవాబు ఒకటి కాదు. ఇక్కడ అత్యవసర పరిస్థితి దెబ్బ ఉత్తరాదిలో ఉన్నంతగా తగలలేదు. దేవరాజ అరసు భూసంస్కరణలు, ఆంధ్రలో ఇళ్ళపట్టాలు పల్లెల్లో కొంత నమ్మకం కలిగించాయి.

దక్షిణాదే ఆమెను తిరిగి నిలబెట్టింది. 1978 నవంబరులో చిక్కమగళూరు ఉపఎన్నికలో మాజీ ముఖ్యమంత్రి వీరేంద్ర పాటిల్‌పై గెలిచారు. డిసెంబరులో లోక్‌సభ ఆమె సభ్యత్వాన్ని రద్దు చేసి జైలుకు పంపింది. అంతలోనే జనతా ప్రభుత్వం కీచులాటలతో కూలింది. 1980 జనవరి ఎన్నికలలో ఆమె ప్రచారానికి ఆయుధం ఉల్లిగడ్డ. ఉల్లి ధర అదుపు చేయలేనివారు దేశాన్ని ఏమి అదుపు చేస్తారన్న వాదన ప్రతి వంటింటికీ చేరింది. రాయబరేలీతో పాటు మెదక్‌లోనూ పోటీ చేసి, ఎస్. జైపాల్‌రెడ్డిపై రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. మెదక్‌నే ఉంచుకుని తెలుగువారి ప్రతినిధిగా పార్లమెంటులో కూర్చున్నారు. ఆమె పక్షానికి 353 స్థానాలు వచ్చాయి. జనవరి 14న ఆమె చేత ప్రమాణస్వీకారం చేయించిన రాష్ట్రపతి సంజీవరెడ్డిగారే. పదకొండేళ్ళ క్రితం ఆ పీఠం తనకు దక్కకుండా చేసిన వ్యక్తి చేతనే ఆయన ఆ ప్రమాణం పలికించారు.

ఆ జూన్‌లో చిన్నకుమారుడు సంజయ్ విమాన ప్రమాదంలో మరణించారు. ఆ తరువాతి ఇందిరలో పాత పట్టుదల ఉన్నా, పాత ఉత్సాహం తగ్గింది. 1983 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో నందమూరి తారకరామారావు కిలో బియ్యం రెండు రూపాయలకు ఇస్తానన్న వాగ్దానంతో, తెలుగువారి ఆత్మగౌరవం మాటతో తొమ్మిది నెలల పార్టీని గద్దె నెక్కించారు. కర్ణాటకలో జనతా వచ్చింది. పేదవాడి అన్నం గురించి మాట్లాడి గెలవడం ఆమె నేర్పిన విద్యే, అదే విద్య ఆమెపై పనిచేసింది. 1984 ఆగస్టులో రామారావుగారిని గవర్నరు తొలగించడం, జనం తిరగబడడంతో నెలరోజులలో తిరిగి నియమించవలసి రావడం ఆమె చివరి రోజుల పెద్ద పొరపాటు.

మెదక్‌కు మాత్రం ఆమె మాట నిలబెట్టుకున్నారు. 1984లో ఎద్దుమైలారం వద్ద ఆయుధ కర్మాగారానికి శంకుస్థాపన చేశారు, అది వెలసింది, వేలమందికి జీవనాధారమైంది. విశాఖ ఉక్కుకు 1982లో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. దానిని 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేసే భాగ్యం పి.వి. నరసింహారావుగారికి దక్కింది.

1984 జూన్‌లో అమృతసర్ స్వర్ణదేవాలయంలోకి సైన్యాన్ని పంపారు. అక్టోబరు 31 ఉదయం ఢిల్లీలోని తన నివాసంలో, కాపలా ఉన్న ఇద్దరు భద్రతా సిబ్బంది తుపాకులకు బలయ్యారు. అప్పటికి ఆమెకు అరవై ఏడేళ్ళు నిండబోతున్నాయి. ఆ తరువాత ఢిల్లీలో వేలాది సిక్కులు ఊచకోతకు గురయ్యారు. మెదక్ లోక్‌సభ స్థానం ఖాళీ అయింది.

తోరణగల్లు పునాదిరాయి అప్పటికి పదమూడేళ్ళ పాతది. ప్రభుత్వ కర్మాగారం రానేలేదు. 1994లో జిందాల్ విజయనగర్ స్టీల్ అనే ప్రైవేటు సంస్థ ఏర్పడి, ఆ దశాబ్దం చివరికి ఉక్కు తీయడం మొదలుపెట్టింది. 1999లో ఆమె కోడలు శ్రీమతి సోనియా గాంధీ బళ్ళారి నుండి లోక్‌సభకు పోటీ చేసినప్పుడు, ప్రచార వాహనాలు తిరిగిన రోడ్ల పక్కన కొత్త పొగగొట్టాలు లేచి నిలబడి ఉన్నాయి. 1971లో ఇరవై ఏళ్ళున్న కుర్రవాడికి ఆ సంవత్సరం నలభై ఎనిమిదేళ్ళు.